ఒడ్డూ పొడుగూ లేనివాడి కుస్తీ

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత తీసి, పాత డ్రాయింగు హాలుని జూడో, కుస్తీ నేర్పే గదిగా మార్చాలని మన సంఘం తీర్మానించింది. "ముప్ఫై ఏళ్లుగా ఆ బట్టలు కట్టుకుని దొర్లుతున్నావు కదా, నువ్వే నాలుగు మాటలు చెప్పు" అని కార్యదర్శి గారు ఈ పని నాకు అప్పజెప్పారు. నేను వృత్తికి మెకానికల్ ఇంజనీరుని. నా కొలతలు మీకు కనిపిస్తూనే ఉన్నాయి. పెళ్లినాటికి నా బరువు 52 కిలోలు. శుభలేఖ చూసి వచ్చిన మా మేనేజరు, పెళ్లికొడుకు ఏడని నన్నే అడిగాడు. అందుకని జూడో అంతటి గురించీ మాట్లాడను. ఒడ్డూ పొడుగూ లేనివాడు తనకంటే పెద్దవాడితో ఎలా తలపడాలి, అలాంటివాడికి మనం ఎలా నేర్పాలి, అదొక్కటే చెబుతాను.

ఎందుకంటే ఆ గది తలుపు తీసిన రోజునే ఒక ఎంపిక జరుగుతుంది. ముప్ఫైమందికి చోటుంటే వందమంది వస్తారు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపెయ్యాలి? ప్రార్థనలో ఎత్తు ప్రకారం నిలబెడితే ముందు వరసలో ఉండే పిల్లలు ఉంటారే, వాళ్లని "నువ్వు చదరంగం ఆడుకో నాన్నా" అని ముద్దుగా పంపించేస్తారు. నేను చాలాచోట్ల చూశాను. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. దెబ్బ తగులుతుందని భయం, అంతే.

ఖాశాబా జాదవ్ పేరు మీలో కొందరైనా విని ఉంటారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 57 కిలోల కుస్తీలో కంచు పతకం తెచ్చిన మరాఠీ వస్తాదు. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే. మనిషి ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. కొల్హాపూర్ రాజారామ్ కాలేజీలో వార్షిక క్రీడలకి పేరు ఇవ్వబోతే, ఈ బక్కవాడేమిటి కుస్తీ ఏమిటని అక్కడి క్రీడల మాస్టారు మర్యాదగానే కాదన్నారట. కుర్రవాడు నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. తనకంటే పెద్దవాళ్లని పడేశాడు. హెల్సింకికి వెళ్లడానికి డబ్బు చాలకపోతే ఆ కాలేజీ ప్రిన్సిపాలే సొంత ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చారని చెబుతారు. ఉద్యోగరీత్యా ఆరేళ్లు మహారాష్ట్రలో ఉన్నప్పుడు, కొల్హాపూర్ తాలింఖానాల్లో ఎర్రమట్టి గోదాల పక్కన కూర్చుని ఇలాంటి కబుర్లు చాలా విన్నాను. ఇప్పుడు నిధికి విరాళాలు అడుగుతున్న మా కోశాధికారి గారు కూడా ఈ సంగతి విని ఉండాలని చెబుతున్నాను. తాకట్టు దాకా వెళ్లమని మాత్రం ఎవరినీ అడగడం లేదు.

అయితే ఇలాంటి కథలు చెప్పి, "చూశారా, గోదాలో బరువుతో పనిలేదు, అంతా తెలివితేటలే" అంటే అది అబద్ధం. పిల్లలకి చెప్పకూడని అబద్ధం. చలిచీమల చేత చిక్కిన పాము పద్యం మనమంతా సుమతీ శతకంలో అప్పజెప్పినవాళ్లమే. కానీ అక్కడ చీమలు చాలా ఉన్నాయి. గోదాలో చీమ ఒక్కటే. భాగవతంలో చాణూరుడి మీదికి బాలకృష్ణుణ్ణి దింపినప్పుడు మధుర ఆడవాళ్లు ఇది అన్యాయమని గోల పెట్టారు. బరువు తరగతులు కావాలని మన వాఙ్మయంలో వినిపించిన మొదటి మొర అదేనని నా అనుమానం.

1964లో టోక్యో ఒలింపిక్స్‌తో జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మూడు బరువు తరగతులు పెట్టారు, నాలుగోది ఎవరైనా దిగొచ్చు. మూడింటిలోనూ జపాన్‌కి బంగారం వచ్చింది. నాలుగోదాంట్లో ఆరడుగుల ఆరంగుళాల డచ్చి మనిషి ఆంటన్ గేసింక్ దిగి, జపాన్ వాళ్ల కమినాగాని వాళ్ల ఊళ్లోనే, వాళ్ల జనం ముందే చాప మీద అదిమి పట్టి గెలిచాడు. గేసింక్ ఒట్టి బండమనిషి కాడు, విద్య బాగా వచ్చినవాడు. సంగతంతా అక్కడే ఉంది. విద్య రాని పెద్దవాణ్ణి విద్య వచ్చిన చిన్నవాడు ఓడిస్తాడు. పెద్దవాడికి కూడా అంతే విద్య వస్తే మొగ్గు వాడివైపే. 1951లో బ్రెజిల్‌లో హీలియో గ్రేసీ అనే బక్కపలచటి ఉస్తాదు, తనకంటే బాగా బరువైన జపాన్ జూడో వీరుడు కిమురాతో తలపడ్డాడు. కిమురా ఆయన చెయ్యి మెలితిప్పి విరిచాడు. ఇప్పటికీ ఆ పట్టుని లోకమంతా కిమురా అనే పిలుస్తుంది. చిన్నవాళ్ల విద్య అని పేరుపడ్డ బ్రెజిల్ జిజుట్సులో ఒక ప్రధానమైన పట్టుకి, ఆ విద్యని ఓడించిన పెద్దవాడి పేరు పెట్టుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అందుకే.

మరి చిన్నవాడికి దారి ఏమిటి? ఇక్కడ కాసేపు ఇంజనీరుగా మాట్లాడనివ్వండి. ఒక మనిషిని అన్ని వైపులా 10 శాతం పెంచామనుకోండి. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది 21 శాతం పెరుగుతుంది. బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి 33 శాతం పెరుగుతుంది. అంటే పెద్దవాడు మొత్తంమీద బలవంతుడే గాని, తన ఒంట్లో ఒక్కో కిలోకి లెక్కేస్తే వాడి దగ్గరున్న బలం తక్కువ. 1988 సియోల్‌లో 60 కిలోల తరగతిలో నయీమ్ సులేమానోగ్లు 190 కిలోలు తలమీదికి ఎత్తాడు. తన బరువుకి మూడు రెట్లు పైన. ఆ పని మహా బరువైన వాళ్లెవరూ చెయ్యలేరు. కాబట్టి ఒకళ్ల మీద ఒకళ్లు ఒరిగి నెట్టుకునే ఆట సాగినంతసేపూ ఖర్చు చిన్నవాడిది. లేవడం, తిరగడం, పక్కకి జరగడం, మళ్లీ లేవడం ఉన్న ఆట అయితే ఖర్చు పెద్దవాడిది. చిన్నవాడు నేర్చుకోవలసింది ఆటని రెండో రకంలో ఉంచడం.

రెండో లెక్క తూకానిది. మనిషికి రెండే కాళ్లు. ముక్కాలిపీటకి ఒక కాలు ఊడిపోయిందనుకోండి, ఎటు పడుతుంది? ఆ లేని కాలు వైపు. మనిషి ఎలా నిలబడినా, రెండు పాదాలనీ కలిపే గీతకి అడ్డంగా, ముందొకటీ వెనకొకటీ లేని కాళ్లుంటాయి. అటు లాగితే వందకిలోల మనిషి కూడా అడుగు వెయ్యాల్సిందే. ఆ అడుగు గాలిలో ఉన్న క్షణాన వాడి వందకిలోలూ వాడికి శత్రువులు. జపాన్ వాళ్లు దీన్ని కుజుషి అంటారు. మనం తూకం తప్పించడం అందాం. జూడోకి ఆద్యుడైన జిగొరో కానో స్వయంగా అయిదడుగుల రెండంగుళాల మనిషి. చిన్నప్పుడు తోటివాళ్ల చేత దెబ్బలు తిన్నవాడు. గురువు దగ్గర తనతోపాటు నేర్చుకునే ఒక భారీకాయుణ్ణి ఎంతకీ పడెయ్యలేక గ్రంథాలయానికి వెళ్లాడు. సుమో పుస్తకాలు తిరగేసి, లాభం లేక పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు పట్టి, అందులో మనిషిని భుజాల మీదికి ఎత్తుకునే పట్టు ఒకటి చూసి, అది సాధన చేసి వచ్చి అతణ్ణి పడేశాడు. 1882లో ఒక గుడిలో 12 చాపలు పరిచి కొడోకాన్ మొదలుపెట్టాడు. ఆయన అసలు ఉద్యోగం బడిపంతులుది. టోక్యోలో ఉపాధ్యాయులని తయారుచేసే పెద్ద విద్యాలయానికి ఇరవై ఏళ్లకు పైగా ప్రిన్సిపాల్. మాస్టార్లకి ఈ ముక్క నచ్చుతుందని తెలుసు.

ఇంకో చిన్న విచారం కూడా చెప్పాలి. కానోకి దారి చూపిన అలాంటి పట్టులో చెయ్యి కాళ్ల మధ్య నుంచి వెళుతుంది. 2010లో మొదలుపెట్టి, 2013 నాటికి అంతర్జాతీయ జూడోలో చేతులతో కాళ్లు పట్టుకోవడమే పూర్తిగా మాన్పించారు. ఆట చూడ్డానికి అందంగా ఉండాలని చేసిన మార్పు. పొట్టివాడికి చేతికందే దూరంలో ఉన్నవి కాళ్లే కదా! నాకు అది ఇప్పటికీ మింగుడుపడలేదు. మన గదిలో జూడోతోపాటు కుస్తీ కూడా ఉండాలని పట్టుబట్టింది అందుకే.

ఇక నేర్పడం. మొదటి రెండు నెలలూ పడటమే నేర్పండి. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకి తగలకుండా, అరచేతితో చాపని చరుస్తూ పడటం. చిన్నపిల్లలు ఎక్కువసార్లు పడతారు, ఎక్కువ ఎత్తునుంచి పడతారు. పడటం అంటే భయం పోయిన పిల్ల నిటారుగా నిలబడుతుంది. భయం ఉన్న పిల్ల నడుం వంచి, పిర్రలు వెనక్కి పెట్టి నిలబడుతుంది. ఆ భంగిమలో పెద్దవాడు మెడ మీద చెయ్యేస్తే ఇక అయిపోయినట్టే.

తరవాత చేతులు. పెద్దవాడి ఆట పట్టు దొరికాక మొదలవుతుంది, చిన్నవాడి ఆట పట్టు దొరకనివ్వకపోవడంతో మొదలవుతుంది. మెడ వెనక చెయ్యి పడనివ్వకూడదు. వాడి ఒక చేతి మీద మన రెండు చేతులూ వెయ్యాలి. ఇద్దరి మధ్య బలం తేడా ఎంత ఉన్నా, రెండు చేతులకీ ఒక చేతికీ లెక్క మారుతుంది. ఆ చేతిని పక్కకి లాగి వీపు వైపు చేరాలి. వీపు మీదున్న మనిషిని పెద్దవాడు చూడలేడు, నెట్టలేడు, తన బరువు వెయ్యలేడు. బ్రెజిల్ మనిషి మార్సెలో గార్సియా 77 కిలోల తరగతివాడు. 2007లో బరువు పట్టింపు లేని ప్రపంచ పోటీలో రెండో స్థానం దాకా వెళ్లాడు. ఆయన ఆటలో సగం ఇదే. చెయ్యి లాగడం, వెనక్కి చేరడం, ఉడుం పట్టు పట్టడం.

పడెయ్యడానికి మనవాళ్లు ధోబీపాట్ అనే పట్టునే ముందు నేర్పండి. చాకలి గుడ్డని బండకేసి బాదినట్టు అవతలివాణ్ణి వీపు మీదుగా వెయ్యడం. జూడోలో దీనికి దగ్గరి చుట్టం సెయొయ్‌నాగె. ఇక్కడ పొట్టితనం వరం. అవతలివాడి నడుం కిందికి దూరడానికి పొడుగువాడు గుంజీ తియ్యాలి, పొట్టివాడు ఊరికే తిరిగితే చాలు. తొషిహికో కొగా ఇందులో దిట్ట. 71 కిలోల తరగతివాడు, 1992లో బార్సిలోనాలో బంగారం తెచ్చుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు, బరువు పట్టింపు లేని అఖిల జపాన్ పోటీలో భారీకాయుల్ని దాటుకుంటూ ఫైనలుకి చేరాడు. అక్కడ ఒగావా అనే మహాకాయుడి చేతిలో ఓడిపోయాడు. 80 కిలోల తరగతివాడు ఒకానో మాత్రం అదే పోటీని 1967లోనూ, 1969లోనూ గెలిచాడు. రెండు సంగతులూ పిల్లలకి చెప్పండి. ఒక్కటే చెబితే అన్యాయం. ఇంకోటి, మోకాళ్ల మీద ధబీమని కూలబడి వేసే పద్ధతి ఎదిగే పిల్లలకి వద్దు. మోకాళ్లు మళ్లీ దొరకవు.

నేలమీది ఆటకి మళ్లీ ఇంజనీరింగే. స్తంభం తన నిలువునా ఎంత బరువైనా మోస్తుంది, అడ్డంగా పెడితే వంగిపోతుంది. పెద్దవాడు మీద పడినప్పుడు చేతులు చాచి నెడితే అది కండరం చేసే పని, పది సెకన్లలో అయిపోతుంది. మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా ఉంచి, ముంజేతి ఎముకని వాడి మెడకో తుంటికో ఆనిస్తే బరువు ఎముక గుండా నేలలోకి దిగుతుంది. వెల్లకిలా ఎప్పుడూ ఉండకూడదు, పక్కకి తిరిగి ఉండాలి. ఆ ఆనుడు వదలకుండా తుంటిని రొయ్యలాగా వెనక్కి జరిపి, దొరికిన సందులో మోకాలు దూర్చాలి. వాణ్ణి లేపాల్సిన పనే లేదు, మనం జరిగితే చాలు. 1994లో అమెరికాలో, బరువు తరగతులు లేని ఒక పోటీలో హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ, 110 కిలోలు దాటిన కుస్తీవీరుడు డాన్ సెవర్న్ కింద దాదాపు పదహారు నిమిషాలు అలా పడి ఉన్నాడు. చివరికి కాళ్లతో మెడ బిగించి గెలిచాడు. జనానికి గుర్తున్నది ఆ ఆఖరి పట్టు. నేను పిల్లలకి చూపించేది ముందటి పదిహేను నిమిషాలు.

ఇవన్నీ తెలిసిన మాస్టార్లు కూడా సాధన దగ్గర తప్పటడుగు వేస్తారు. నేను కుర్రవాడిగా వెళ్లిన ఒక క్లబ్బులో, సన్నటివాళ్లని బరువైనవాళ్లు విసిరి సాధన చెయ్యడానికి బస్తాల్లా వాడేవాళ్లు. సాయంత్రానికి విసిరినవాడికి విద్య వచ్చేది, మాకు వాతలు వచ్చేవి. మాతో చేరిన పదిమందిలో నెల తిరిగేసరికి ముగ్గురం మిగిలాం. ఇప్పుడు నా ఆదివారం క్లాసులో పద్ధతి వేరు. పూర్తి కుస్తీలు తక్కువ. ఫలానా ఇబ్బందిలోంచి మొదలుపెట్టు అంటాను. కింద ఇరుక్కుని ఉన్నావు, రెండు నిమిషాలు. మోకాలు దూర్చగలిగితే నీ గెలుపు, ఆపి మళ్లీ మొదటినుంచి. ముప్ఫై ఎనిమిది కిలోల ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి, అరవై కిలోల అబ్బాయి కిందనుంచి మొదటి నెలంతా ఒక్కసారి కూడా బయటపడలేదు. నాలుగో నెలలో ఒక సాయంత్రం మూడుసార్లు బయటపడింది. అబ్బాయిని ఆమె ఓడించలేదు, ఇప్పటికీ ఓడించలేదు. కానీ ఆ మూడూ లెక్కపెట్టుకుని ఇంటికి వెళ్లింది. పూర్తి కుస్తీలే పెట్టి ఉంటే ఆమె పుస్తకంలో నాలుగు నెలలూ సున్నాలే.

జోడీలు కట్టడం కూడా ఒక విద్య. ఎప్పుడూ పెద్దవాళ్లతోనే చేసే పిల్ల తప్పించుకోవడంలో ఆరితేరుతుంది, దాడి చెయ్యడం రాదు. నేను సగం సమయం సమాన బరువుతో, పావు వంతు తనకంటే చిన్నవాళ్లతో, మిగిలిన పావే పెద్దవాళ్లతో పెడతాను. పెద్దవాళ్లతో అన్నప్పుడు పెద్దవాడికీ ఒక నియమం ఉంటుంది: ఒరగకూడదు, మీద కూలబడకూడదు. దానివల్ల పెద్దవాడికే ఎక్కువ లాభం. బరువు వాడకుండా పట్టు వెయ్యడం వాడికి మరెక్కడా నేర్పరు. బలం మాట కూడా మరవొద్దు. దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం చిన్నవాళ్లకే ముందు కావాలి. విద్య ఉంది కదా, బలం ఎందుకు అనే మాట బలం ఉన్నవాళ్లు చెప్పేది.

ఒక్క విషయంలో మాత్రం సంఘం రాతపూర్వకంగా నియమం పెట్టాలని నా మనవి. పోటీకి ముందు పిల్లలని పస్తు పెట్టి, నీళ్లు మాన్పించి, కింది తరగతిలోకి దించడం మన గదిలో జరగకూడదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల ఫైనలు రోజున 100 గ్రాములు ఎక్కువ తూగి మొత్తం పోటీకే దూరమైంది. ఆ రాత్రంతా బరువు దించడానికి ఆమె పడ్డ పాట్లు పత్రికల్లో చదివాం. ఆమె పెద్దది, వెనక డాక్టర్లున్నారు. పదమూడేళ్ల పిల్లల వెనక ఎవరున్నారు? ఏ బరువుంటే ఆ బరువులోనే దించండి. ఓడిపోతే ఓడిపోతారు.

డ్రిల్లు మాస్టారితో నిన్న సాయంత్రం హాలు కొలిచాం. గోడలకి రెండు వైపులా అడుగున్నర మందం మెత్తలు, చుట్టూ ఖాళీ వదిలితే మధ్యలో 6 మీటర్ల చదరం వస్తుంది. రెండు మీటర్ల పొడుగు, మీటరు వెడల్పు చాపలు 18 చాలు. మందం 4 సెంటీమీటర్లకి తగ్గనివ్వకండి, చౌకగా వస్తుందని పలచటివి కొనకండి. ఎంపిక ఎలా అంటే, బరువు తుయ్యకండి. పేరు ఇచ్చినవాళ్లకి చీటీలు వేసి, ముప్ఫైలో సగం ముందు వరస పిల్లలకి కేటాయించండి. అమ్మాయిలకి విడిగా సమయం అన్న ప్రతిపాదన ఉందని విన్నాను. అది వాళ్లనే అడిగి నిర్ణయించండి, మనం కాదు. రేపు ఉదయం ఏడింటికి గ్రౌండులో ఇసుక గుంట దగ్గర ఉంటాను. పడటం ఎలాగో చూపిస్తాను. పాతబట్టలు వేసుకుని రండి, మాస్టార్లు కూడా.